రంగనాథుని గుమ్మంలో కరవది సన్నాయి



కార్తిక పౌర్ణమి నాటి తెల్లవారుజామున మైపాడు తీరాన్ని చూసినవారికి ఆ శోభను వర్ణించి చెప్పనక్కరలేదు. నెల్లూరు నుంచి, కోవూరు నుంచి, ఇందుకూరుపేట చుట్టుపక్కల పల్లెల నుంచి కుటుంబాలు కుటుంబాలుగా తరలివచ్చి, సముద్రస్నానం చేసి, ఇసుకలో పసుపు గౌరమ్మను నిలిపి, అరటి దొప్పలలో దీపాలు వదులుతారు. అటువంటి ఒక వేకువలో, ఈ ప్రాంతంలో నేను అర్చన చేసుకునే చిన్న కోవెలకు ఒక కుటుంబం వచ్చింది. వారి వెంట పదేళ్ల బాలుడు ఉన్నాడు. మా స్వామి వేణుగోపాలుడు. హారతి వెలుగులో ఆ పిల్లవాడు స్వామి చేతిలోని మురళిని తేరిపార చూశాడు. తరువాత మండపంలో సన్నాయి ఊదుతున్న పెద్దమనిషి వైపు చూశాడు. స్వామికి ఇష్టమైనది వేణువు కదా, మరి ఆయన ఎదుట వేణువు ఊదకుండా సన్నాయి ఎందుకు ఊదుతున్నారని నన్ను అడిగాడు.

నలభై ఏళ్లకు పైగా ఆ సన్నిధిలో నిలబడినవాడిని. వేదం చదువుకున్నవాడిని. అయినా ఆ ప్రశ్న ఎన్నడూ నాకు తోచలేదు. ఆ క్షణాన ఏదో చెప్పి పంపించాను కాని, ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. దానికి సమాధానం వెతుక్కుంటూ పోతే ఒక మహనీయుని జీవితం ముందు నిలబడవలసి వచ్చింది. ఆయన మన తెలుగు నేలపై, ఒంగోలు పక్కన కరవది గ్రామంలో పుట్టి, శ్రీరంగంలో రంగనాథుని నీడన కన్నుమూసిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా సాహెబ్ గారు. ఈ ఆదివారం మీతో ఆయన కథ చెప్పుకోవాలని ఉంది. అయితే ముందుగా ఆ పిల్లవాని ప్రశ్న సంగతి చూద్దాం.

మన పూర్వులు వాద్యాలను నాలుగు తెగలుగా విభజించారు. తీగలు మీటితే పలికేవి తతములు, వీణ వంటివి. చర్మం మూసి మోగించేవి అవనద్ధములు, మృదంగం వంటివి. ఒకదానితో ఒకటి తాకించి పలికించే లోహవాద్యాలు ఘనములు, తాళాల వంటివి. లోపల బోలుగా ఉండి, గాలి చేత పలికేవి సుషిరములు. భరతముని నాట్యశాస్త్రం నాటి నుంచి ఈ విభాగం చెక్కుచెదరలేదు. శంఖం, కొమ్ము, వేణువు, సన్నాయి అన్నీ సుషిర వాద్యాలే. వీటన్నిటిలోను ప్రాణం ఒక్కటే, మనిషి ఊపిరి. ఆ ఊపిరి నాదంగా మారే తీరులోనే భేదం ఉంది.

వేణువును గమనించండి. అది ఒక వెదురు గొట్టం. ఒక చివర మూసి ఉంటుంది. దానికి ఊదడానికి ఒక రంధ్రం, వేళ్లు కదపడానికి మరికొన్ని రంధ్రాలు. మన కర్ణాటక సంగీతపు వేణువుకు సాధారణంగా ఎనిమిది వేలి రంధ్రాలు ఉంటాయి. పెదవులకు, వెదురుకు నడుమ మరే సాధనమూ లేదు. పెదవి నుంచి వెలువడిన గాలి ఆ రంధ్రపు అంచును తాకి రెండుగా చీలుతుంది. ఆ చీలికలోనే నాదం పుడుతుంది. పెదవి కొంచెం వంచితే స్వరం మారుతుంది. ఊపిరి కొంచెం బిగిస్తే స్థాయి పైకి లేస్తుంది. అందుచేతనే సుషిర వాద్యాలలో వేణువుది ప్రత్యేక స్థానం. పాశ్చాత్యులు సైతం తమ వాద్యబృందంలో కొయ్యతో చేసిన ఊదుడు వాద్యాలన్నిటినీ ఒక వరుసలో కూర్చుండబెట్టారు. వాటిలో క్లారినెట్‌కు ఒక రెల్లు నాలుక ఉంటుంది. ఓబో అనే వాద్యానికి రెండు రెల్లు నాలుకలు ఉంటాయి. వేణువుకు మాత్రం నాలుకే లేదు. నేడు వారు తమ వేణువును వెండితో చేసుకుంటున్నా, దానిని కొయ్యవాద్యాల పంక్తి నుంచి లేపలేదు. చేసిన లోహాన్ని బట్టి కాక, పలికే తీరును బట్టి దానికి ఆ స్థానం దక్కింది.

మన నాట కూడా వేణువు చాలాకాలం పక్కవాద్యంగానే ఉండిపోయింది. కుంభకోణంలో జన్మించి, పసితనంలోనే చూపు పోగొట్టుకున్న శరభశాస్త్రి గారు దానిని కచేరీ వేదికపై ప్రధాన వాద్యంగా నిలబెట్టారు. 1872లో జన్మించి 1904లోనే పరమపదించిన ఆ మహానుభావుడు ముప్పది రెండేళ్ల జీవితంలో చేసిన పని అది. ఆయన శిష్యుడు పల్లడం సంజీవరావు గారు, ఆ తరువాత మాలి అని అందరూ పిలుచుకున్న టి.ఆర్. మహాలింగం గారు ఆ బాటను విశాలం చేశారు.

ఇక సన్నాయి. దీనినే శాస్త్రీయంగా నాదస్వరం అంటున్నాం. దీనికి రెండు రెల్లు రేకుల నాలుక ఉంటుంది. దానిని మన మేళగాళ్లు పీక అంటారు. ఆ రేకులను పెదవుల నడుమ పట్టి ఊదితే అవి ఒకదానికొకటి అదురుతాయి. ఆ అదురు పొడవైన కొయ్య గొట్టంలో ప్రవేశించి, కిందికి వచ్చేకొద్దీ విశాలమై, అడుగున పువ్వులా విచ్చుకున్న గరాటు గుండా బయటపడుతుంది. ఏడు వేలి రంధ్రాలు. అడుగున శ్రుతిని సరిచూసుకోవడానికి మైనంతో మూసుకునే మరో ఐదు రంధ్రాలు. కుంభకోణానికి చేరువలో నరసింగంపేట అనే గ్రామం ఉంది. అక్కడి శిల్పులు చేసే నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఏళ్ల తరబడి ఎండిన ఆచా కొయ్యతో దానిని చేస్తారు.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు సగం సమాధానం దొరికింది. వేణునాదం మృదువైనది, ఏకాంతానిది. యమునాతీరాన వెన్నెలలో అది చాలును. కాని స్వామి పల్లకీ ఎక్కి నాలుగు మాడవీథులలో ఊరేగేటప్పుడు, వేలమంది గోవింద నామం పలుకుతుండగా, బాణసంచా పేలుతుండగా, వీథి చివరి ఇంటిలో మంచం పట్టిన ముసలమ్మకు స్వామి వస్తున్నాడని తెలియవద్దా? ఆ కబురు మోసుకుపోగలది సన్నాయి ఒక్కటే. వేణువు స్వామి వాయించుకునే వాద్యం. సన్నాయి స్వామి కోసం మనం వాయించే వాద్యం. ఒకటి ఆయన పిలుపు, రెండవది మన బదులు. అందుకే సుప్రభాత వేళ భూపాల రాగంతో ఆయనను మేల్కొలిపేదీ, రాత్రి ఏకాంతసేవ వేళ నీలాంబరితో జోకొట్టేదీ ఆ సన్నాయే.

మిగిలిన సగం సమాధానం మౌలానా గారి జీవితంలో ఉంది.

మన నెల్లూరు జిల్లా సరిహద్దులు ఇప్పుడు ఉన్నట్లు ఎప్పుడూ లేవు. 1904కు పూర్వం ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ సంవత్సరం గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడింది. ఆ ఒంగోలుకు ఉత్తరాన, రైలుమార్గం పక్కన ఉన్న గ్రామం కరవది. అక్కడ 1924 మే 12న మౌలానా గారు జన్మించారు. వారిది తరతరాలుగా దేవాలయాలలో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం. దాదాపు మూడు శతాబ్దాల పరంపర అని చెప్పుకుంటారు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో ఇటువంటి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. శ్రీరామనవమి కల్యాణానికి, ధనుర్మాసపు వేకువకు, ఊరి రథోత్సవానికి, మన ఇళ్లలో జరిగే పెళ్లిళ్లకు మంగళవాద్యం పలికించినది ఆ ఇళ్ల ఊపిరే. మీ తాతగారి పెళ్లిలో తాళిబొట్టు కట్టే వేళ గట్టిమేళం వాయించినవారి పేరు మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే అడిగి చూడండి. చాలా ఇళ్లలో అది ఒక సాహెబు గారి పేరే అవుతుంది.

మౌలానా గారికి తొలి గురువు తండ్రి కాశిం సాహెబ్ గారు. తరువాత చిలకలూరిపేటలోని షేక్ ఆదం సాహెబ్ గారి వద్ద విద్య గడించారు. ఆదం సాహెబ్ గారు ఆంధ్ర నాదస్వర సంప్రదాయంలో గొప్ప గురువుగా పేరుపొందినవారు. ఈ విద్యలో గురుకులవాసం అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట చెబుతాను. నాదస్వరం వాయించేవానికి ముందు కావలసినది ఊపిరిపై అధికారం. బుగ్గలలో గాలిని నిలుపుకొని, ముక్కుతో కొత్త ఊపిరి తీసుకుంటూ, నాదం తెగకుండా సాగించడం అలవడాలి. వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయడం, సగం మూయడం, అంచు తాకి వదలడం, వీటితో పాటు ఊపిరి బిగువుతో గమకాలు పలికించడం రావాలి. వీణకు మెట్లు ఉన్నాయి. సన్నాయికి మెట్లు లేవు. సాధకుని చెవే దానికి మెట్టు. అందుచేత తెల్లవారకముందే లేచి గంటల తరబడి సాధన చేయడం తప్ప దారి లేదు. వేదాధ్యయనంలో మేము స్వరం తప్పితే తిరిగి మొదటి నుంచి వల్లించినట్లే, వారు కూడా శ్రుతి చెదిరితే తిరిగి మొదటి నుంచి ఊదేవారు. రెండు విద్యలకూ ఆధారం ఊపిరే అని నాకు ముదిమిలో గాని అర్థం కాలేదు.

యౌవనంలోనే ఆంధ్రదేశంలో ఆయన పేరు మారుమోగింది. ఊరూరా ఉత్సవాలకు పిలుపులు వచ్చేవి. మరొకరైతే అక్కడితో తృప్తి చెందేవారు. కాని మౌలానా గారి మనస్సు కావేరీ తీరం వైపు లాగింది. ఆ రోజులలో తిరువావడుదురై రాజరత్నం పిళ్లై గారు నాదస్వర చక్రవర్తిగా వెలుగొందుతుండేవారు. 1898లో జన్మించి 1956లో పరమపదించిన ఆయన వాయించిన తోడి రాగం గ్రామఫోను రికార్డుల ద్వారా దక్షిణదేశమంతటా ఇంటింటా వినిపించేది. ఆ నాదం మౌలానా గారిని పట్టుకుంది. రాగాన్ని తొందర లేకుండా, అంచెలంచెలుగా, గుడి గోపురం కట్టినట్లు పెంచుకుంటూ పోయే తంజావూరు బాణీ నేర్చుకోవాలని ఆయన సంకల్పించుకున్నారు. అప్పటికే విద్వాంసుడని పేరుపడిన వ్యక్తి, పేరును పక్కన పెట్టి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకన్ను సోదరుల వద్ద తిరిగి శిష్యుడై కూర్చున్నారు.

పాఠకులు ఈ ఘట్టం వద్ద ఒక్క క్షణం ఆగాలి. తెలిసినవాడు తెలియనివానిగా మారి మరొకరి పాదాల చెంత కూర్చోవడం ఎంత కష్టమో మన ఇంట్లో, మన కొలువులో, మన గుడిలో మనం నిత్యం చూస్తూనే ఉన్నాం. పరభాష, పరదేశం, మతం వేరు, బాణీ వేరు. ఆ సోదరులు ఆయనను చేరదీశారు, ఆయన వారిని గురువులుగా కొలిచారు. విద్య నడుమ ఉన్నప్పుడు తక్కినవేవీ అడ్డు కావని ఇంతకంటే ఏ ఉపన్యాసం చెప్పగలదు?

ఆ తరువాత ఆయన శ్రీరంగం చేరారు. కావేరికి, కొల్లిడానికి నడుమ ద్వీపంలో, ఏడు ప్రాకారాల నడుమ శేషశయనుడై పవళించిన రంగనాథుని క్షేత్రం అది. మన నెల్లూరువారికి రంగనాథుడు కొత్తవాడు కాడు. పెన్నా తీరాన తల్పగిరి రంగనాయకుని చూస్తూ పెరిగినవాళ్లం మనం. నదిని పక్కన పెట్టుకొని పవళించడం ఆ స్వామికి ఇష్టం కాబోలు. ఆ పెన్న మన మైపాడుకు ఉత్తరాన ఎంతో దూరం లేనిచోటనే సాగరంలో కలుస్తుంది. మన తెలుగు నేలపై పుట్టిన బిడ్డను కావేరీ రంగడు తన వద్దకు పిలుచుకున్నాడని అనుకోవడంలో నాకు ఏ సంకోచమూ లేదు. మౌలానా గారు తమ మతాన్ని వదలలేదు, నమాజు మానలేదు. అయినా రాముడన్నా, రంగనాథుడన్నా ఆయనకు ప్రాణం. త్యాగరాజస్వామి కీర్తనలలోని తెలుగు ఆయనకు పుట్టుకతో చెవిన పడిన భాష. సన్నాయికి అక్షరాలు పలకవు. కాని సాహిత్యపు అర్థం తెలిసి వాయించేవాని సన్నాయిలో మాట ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది, ఎక్కడ వేడుకోవాలో అక్కడే వేడుకుంటుంది.

1982లో ఆయన శ్రీరంగంలో ఒక సంగీత పాఠశాలను నెలకొల్పారు. దానికి పెట్టిన పేరు శారదా నాదస్వర సంగీత ఆశ్రమం. ఒక ముస్లిం విద్వాంసుడు తన పాఠశాలకు శారదాదేవి పేరు పెట్టుకున్నాడని విని ఆశ్చర్యపడేవారు ఉండవచ్చు. విద్యకు అధిదేవత పేరు విద్యాలయానికి పెట్టడం కంటె సహజమైనది ఏముంటుందని ఆయన భావించి ఉంటారు. అక్కడ ఎందరో శిష్యులు తయారయ్యారు. ఆయన మనుమలు కాశిం, బాబు ఆ బాణీని నిలబెట్టారు. మన తెలుగునాటి నుంచి వెళ్లి ఆయన వద్ద మెరుగులు దిద్దుకున్న షేక్ మహబూబ్ సుభాని, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ గౌరవం లభించింది. ఎక్కువగా పురుషులే చేపట్టే ఈ వాద్యాన్ని ఒక స్త్రీ చేపట్టి ఆ స్థాయికి చేరడం ఆ గురుపరంపరకే గర్వకారణం.

మౌలానా గారికి 1977లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం లభించింది. విదేశాలలోనూ ఆయన నాదస్వరం వినిపించారు. 1998 సంవత్సరానికి మద్రాసు సంగీత అకాడమీ వారు సంగీత కళానిధి బిరుదంతో సత్కరించారు. కర్ణాటక సంగీతంలో అంతకు మించిన గౌరవం లేదని పెద్దలు భావిస్తారు. గాయకులకు, వైణికులకు దక్కినంతగా నాదస్వర విద్వాంసులకు అది దక్కలేదు. ఊరేగింపు ముందు నడిచేవారిని వేదికపై కూర్చోబెట్టడానికి లోకానికి ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది. ఆ గౌరవం అందిన కొద్ది నెలలకే, 1999 ఏప్రిల్ 13న శ్రీరంగంలో ఆయన తుదిశ్వాస విడిచారు. మరొక నెల గడిస్తే డెబ్బది ఐదేళ్లు నిండేవి.

ఇక్కడితో కథ ముగిస్తే నేను మీకు సగమే చెప్పినవాడినవుతాను. మిగిలినది నా అపరాధం. దానిని చెప్పకుండా ఆ మహనీయుని పేరు ఎత్తే అర్హత నాకు లేదు.

నలభై ఏళ్ల కిందటి మాట. అర్చకత్వం కొత్తగా చేతికి వచ్చిన రోజులు. శాస్త్రం నాలుగు అక్షరాలు వంటబట్టగానే లోకమంతటికీ నేనే ద్వారపాలకుడినన్న భ్రమ నన్ను ఆవహించింది. ఒక ఉత్సవానికి ఒంగోలు వైపు నుంచి సన్నాయి మేళం వచ్చింది. ఆ పెద్దాయన పేరు విని, ఆయన ముస్లిం అని తెలిసి, మండపంలోకి రావద్దని, గాలిగోపురం వెలుపలనే నిలబడి వాయించమని కబురు పంపాను. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పులు ముందే విడిచి ఉన్నారు. ఎర్రటి ఎండలో, కాలే రాతిపై నిలబడి, స్వామి ఉన్న దిక్కుకు ఒకసారి నమస్కరించి, వాయించడం మొదలుపెట్టారు. ఆ రోజు ఆయన వాయించినది మోహన రాగం. లోపల అభిషేకం చేస్తున్న నా చేతులు వణికాయి. వెలుపల ఉన్న నాదం గోడలు దాటి గర్భాలయంలోకి వస్తూనే ఉంది. దానిని ఆపగల ద్వారపాలకుడు ఎవరు?

మా నాయనగారు అప్పటికి వృద్ధులు. సంగతి తెలిసి నన్ను ఒక్క మాటా అనలేదు. అభిషేకం ముగిసిన తరువాత శఠారి, తీర్థపాత్ర చేత పట్టుకొని, మండపంలో వేచి ఉన్న ఊరి పెద్దలను దాటుకొని, నేరుగా గోపురం వెలుపలికి నడిచారు. మొదటి తీర్థం ఆ సన్నాయి విద్వాంసునికి ఇచ్చారు. మొదటి శఠారి ఆయన తలపై ఉంచారు. ఆయన చేయి పట్టుకొని మండపంలోకి తీసుకువచ్చి స్వామికి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆ రాత్రి నన్ను పక్కన కూర్చోబెట్టుకొని తిరుప్పాణాళ్వారు కథ చెప్పారు.

మీలో చాలామందికి అది తెలిసిన కథే. ఉరైయూరు వాడైన ఆ ఆళ్వారు వీణ వాయించుకుంటూ పాడుకునే పాణర్ల కులంలో పెరిగాడు. గుడిలోకి పోవడానికి అర్హత లేదని తలచి, కావేరి ఆవలి ఒడ్డున నిలబడి రంగనాథుని పాడుకునేవాడు. స్వామి తీర్థానికి నీరు తేవడానికి వచ్చిన అర్చకుడు లోకసారంగముని దారి తొలగమని కేక వేశాడు. గానంలో మైమరచిన ఆళ్వారు వినలేదు. ముని ఒక రాయి విసిరాడు. ఆళ్వారుకు గాయమైంది. ముని గుడికి వచ్చి చూస్తే స్వామి నుదుట నెత్తురు కనిపించింది. ఆ భక్తుని నీ భుజాలపై మోసుకొని తీసుకురమ్మని స్వామి ఆజ్ఞ అయింది. అర్చకుని భుజాలపై ఎక్కి సన్నిధికి చేరినందువల్లనే ఆయనకు మునివాహనుడనే పేరు వచ్చింది. మా నాయనగారు కథ అక్కడితో ఆపి, రాయి విసిరినవాడు ఎవరు, మోసినవాడు ఎవరు అని నన్ను అడిగారు. ఇద్దరూ అర్చకుడే. నాకు నోట మాట రాలేదు.

ఆ శ్రీరంగంలోనే తులుక్క నాచ్చియారు సన్నిధి ఉంది. మనం బీబీ నాంచారి అని కొలుచుకునే తల్లి ఆమె. ఢిల్లీ సుల్తాను ఇంట పుట్టి రంగనాథుని వలచి వచ్చిన ఆ తల్లి కోసం అక్కడ నేటికీ స్వామికి రొట్టెలు నివేదన చేస్తారు, లుంగీ కట్టి అలంకరిస్తారు. ఇక రొట్టె మాట వచ్చింది కనుక మన నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున మొహర్రం రోజులలో జరిగే రొట్టెల పండుగను చూడండి. బారాషహీద్ దర్గా వద్ద ఎవరి కోరికకు ఎవరి రొట్టె అందుతుందో మతం అడిగేవారు ఉన్నారా? కాశీలో విశ్వనాథుని గుమ్మంలో షెహనాయి పలికించిన బిస్మిల్లాఖాన్ గారికి 2001లో భారతరత్న ఇచ్చి దేశం గౌరవించింది. కాశీకి ఒక బిస్మిల్లాఖాన్, శ్రీరంగానికి ఒక చిన మౌలానా. రెండు క్షేత్రాలలోనూ స్వామి తన మంగళవాద్యాన్ని తానే ఎంచుకున్నాడు. మనం ఎవరం కాదనడానికి?

ఈ కథ ఇప్పుడు చెప్పడానికి మరొక కారణం కూడా ఉంది. నేడు అనేక ఆలయాలలో హారతి వేళకు కరెంటు మీట నొక్కితే గంటలు, డోళ్లు వాటంతట అవే మోగే యంత్రాలు వచ్చాయి. అవి చెడ్డవని అనను. మనిషి దొరకనిచోట అవి ఆదుకుంటున్నాయి. కాని మనిషి ఎందుకు దొరకడం లేదో ఆలోచించాలి. పెళ్లిలో ఫొటోలు తీసేవారికి ఇచ్చే సొమ్ములో పదో వంతు సన్నాయి మేళానికి ఇవ్వడానికి బేరమాడుతున్నాం. పందిట్లో విందుభోజనం అందరికీ వడ్డించి, మేళగాళ్లను చివరి పంక్తికి నెడుతున్నాం. మేళం వాయిస్తుంటే మాటల్లో మునిగిపోతున్నాం. అటువంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు తండ్రి సన్నాయిని ఎందుకు చేతపడతాడు? తండ్రి చేత పట్టిన కొయ్య గోడకు వేలాడుతుంది. పీక ఎండి చీలిపోతుంది. మూడు వందల ఏళ్ల ఊపిరి ఒక్క తరంలో ఆగిపోతుంది. యంత్రానికి స్వామిపై కినుక ఉండదు, ప్రేమా ఉండదు. ఎండలో నిలబడి మోహన రాగం వాయించడం దానికి చేతకాదు.

కనుక ఈ శీర్షిక చదివే గృహస్థులకు నా విన్నపాలు మూడు. మీ ఇంట శుభకార్యానికి సన్నాయి మేళాన్ని పిలిచినప్పుడు వారికి మొదటి పంక్తిలో భోజనం పెట్టండి, తాంబూలం ఇచ్చి సాగనంపండి. మీ గ్రామంలోని ఆలయంలో మంగళవాద్యం వాయించే కుటుంబం ఉంటే ఉత్సవాల నాడు మాత్రమే కాక, ఏడాది పొడుగునా వారి బాగోగులు కనుక్కోండి. మీ పిల్లలలో ఊపిరి, శ్రద్ధ ఉన్నవారు ఎవరైనా ఉంటే, వారు ఏ కులంవారైనా, ఏ మతంవారైనా, ఈ విద్య నేర్పించడానికి వెనుకాడకండి. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానంవారు నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతున్నారు. వేణువు నేర్చుకునే పిల్లలు పట్టణాలలో చాలామందే కనిపిస్తున్నారు, సంతోషం. వారిలో ఒకరిద్దరైనా సన్నాయి వైపు చూస్తే వీథులలో స్వామికి తోడు దొరుకుతుంది.

ఇక ఆ బాలునికి నేను చెప్పవలసిన సమాధానం మిగిలింది. వచ్చే కార్తికానికి అతడు మళ్లీ వస్తే ఇలా చెబుతాను. వేణువుకు నాలుక లేదు. ఏ అడ్డూ లేకుండా ఊపిరి నేరుగా నాదమవుతుంది. అది భగవంతునికే చెల్లింది. మనకు ఎన్నో అడ్డంకులు ఉన్నాయి, అహంకారం ఉంది, నాది నీది అనే పట్టింపు ఉంది. మన ఊపిరి ఒక ఇరుకైన పీక గుండా, ఎంతో ప్రయాసతో దూరి, అదిరి, అప్పుడు గాని నాదం కాదు. అందుకే మనకు సన్నాయి. కరవదిలో పుట్టిన ఒక మనిషి ఆ ఇరుకు దారి గుండా తన ఊపిరినంతటినీ రంగనాథునికి పంపించాడు. అది ఆయనకు చేరలేదని చెప్పగల సాహసం ఈ అర్చకునికి లేదు.

మీ ఊరి గుడిలో రేపు ఉదయం సన్నాయి వినిపిస్తే, ఒక్క నిమిషం నిలబడి వినండి. వాయించినవారికి ఒక నమస్కారం చేయండి. స్వామికి చేసినట్లే.

శుభం భూయాత్.